తబేలా పార్కులో కాశమ్మ ఆదివారాలు

మా తబేలా గల్లీకి నల్లా తెప్పించింది నేను. గల్లీ మొగదల దీపస్తంభం పాతించింది నేను. మురికికాలువ మీద బండలు పరిపించింది నేను. పోలీసు చర్య రోజుల్లో మా గల్లీలో ఒక్క తలుపు విరగలేదంటే, జహూర్ మియా ఆ మొగదల, నేను ఈ మొగదల మంచాలు వేసుకుని పదకొండు రోజులు కదలకుండా కూర్చున్నాం కనుకనే. నేను చదివింది మెదక్ జిల్లాలో మా ఊళ్ళో పంతులు సొంతంగా నడిపే ఖాన్గీ బడిలో, ఇసుకలో అక్షరాలు దిద్ది, అయిదేండ్లు. ఆ అయిదేండ్ల చదువుతోనే పట్నం వచ్చి ధాన్యం కొఠీలో గుమాస్తానయ్యాను. ఉర్దూ నా అంతట నేనే నేర్చుకున్నాను. మునిసిపాలిటీకి, మా భాషలో బల్దియాకు, నేను రాసిన దరఖాస్తు ఇప్పటికి ఒక్కటి కూడా వాపసు రాలేదు.

ఇవన్నీ గొప్పల కోసం చెప్పడం లేదు. గొప్పల కోసం చెప్పినా తప్పేమీ లేదు, చేసినవాడిని కనుక.

వీటన్నిటికంటే పెద్ద పని తబేలా పార్కు. గేటు పక్కన రాతి మీద నా పేరు చెక్కి ఉంది. పక్క మొహల్లాల వాళ్ళు వచ్చి చూసి, ఇది ఎట్లా చేశారని అడిగితే నిలబెట్టి గంటసేపు చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంతసేపు చెప్పలేకపోతున్నాను. ఆ పార్కును అందరికంటే ఎక్కువ దినాలు తవ్విన మనిషి కాశమ్మ. ఆమె పేరు అక్కడ ఏ రాతి మీదా లేదు, ఏ చెట్టుకూ లేదు. లేకుండా చేసినవాణ్ణి కూడా నేనే. నేను చేసిన పనుల్లో అది కూడా చేర్చాలి కనుక రాస్తున్నాను.

కాశమ్మది పాలమూరు. పెండ్లయిన ఏడాదికే మొగుడు మల్లన్నతో హిమాయత్‌సాగర్ కట్ట పనికి వచ్చింది. కట్ట పూర్తయ్యేదాకా తట్ట దించలేదు. కట్ట లేచింది, ఆ తర్వాత వచ్చిన ప్లేగులో మల్లన్న పోయాడు. పిల్లలు లేరు. ఊరికి వాపసు పోతే భూమిలో పాలు అడగడానికి వచ్చిందని మరుదులు అనుమానపడతారని పట్నంలోనే ఉండిపోయింది. మా ఇంటి వెనుక పెరడు గోడకు ఆనుకుని కట్టెలు పోసుకునే అర్ర ఒకటి ఉండేది. 1934లో ఆ అర్ర ఆమెకు ఇచ్చాను. కిరాయి ఏమీ లేదు. పొద్దున్నే మా వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లాలి, అంతే.

అర్రలో ఒక మూల మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకుంది. పండుగనాడు నా భార్య నాగమణమ్మ, "ఇయ్యాల మా ఇంట్లనే తిను కాశమ్మా, ఒక్కదానికి పొయ్యి ఎందుకు అంటువెడుతవు?" అని పిలిస్తే, వచ్చి తినేది. తిన్నా సరే, పోయి తన పొయ్యి అంటించి కాసిన్ని నీళ్ళయినా కాచుకునేది.

"పొయ్యి చల్లగ పడితే ఇల్లెట్లయితదమ్మా? అర్ర అయితది" అనేది.

పొద్దుటిపూట మట్టిపని. మధ్యాహ్నం నుంచి శనగ గుగ్గిళ్ళ గంప నెత్తిన పెట్టుకుని పురానాపూల్ దగ్గరికి. అక్కడ ఎండ తప్ప మరొకటి లేదు. కూర్చుని గిరాకీ కుదురుకునేసరికి పోలీసు జవాను వచ్చి "ఉఠో, ఉఠో" అని కర్రతో గంప అంచు మీద కొట్టేవాడు. లేచి పది అడుగులు పోయి మళ్ళీ కూర్చునేది. యాభై దాటాక మోకాళ్ళు పట్టేశాయి.

"బాపూ, అమ్ముడు కష్టం కాదు. లేచుడు, కూసునుడు, లేచుడు, కూసునుడు. గిదే నన్ను సంపుతది. ఒక్క తాన కూసుంటే లెవ్వుమననోడు యాడన్న ఉన్నడా ఈ పట్నంల?" అని ఒకసారి నన్నే అడిగింది.

ఆమె జీవితంలో తనకు కావాలని నన్ను అడిగింది అదొక్కటే.

తబేలా అంటే గుర్రాల సాల. మా గల్లీ చివర ఒక నవాబు గారి గుర్రాలు ఉండేవి. జాగీర్లు పోయాక గుర్రాలు అమ్ముడుపోయాయి, కప్పు కూలింది. మిగిలింది ఎకరం జాగా, విరిగిన రాతి తొట్లు, తుమ్మ పొదలు. 1953లో బల్దియా నుంచి కబురు వచ్చింది. జాగా, నీళ్ళ పైపు, ఇనుప కమ్మీలు వాళ్ళు ఇస్తారట. పార్కు ఎట్లా ఉండాలో మాత్రం మొహల్లావాళ్ళే కూర్చుని తేల్చుకోవాలి, తవ్వడం, చదును చేయడం మొహల్లావాళ్ళే శ్రమదానంగా చేయాలి. ఈ కబురు వచ్చింది కూడా నేను రాసిన దరఖాస్తు వల్లనే.

మా ఇంటి ముందర జంపఖానా పరిపించి అందరినీ పిలిచాను. బల్దియా ఓవర్సీరు ఒక నక్షా గీసుకుని వచ్చి నడుమ పరిచాడు. పత్తర్‌గట్టీలో బట్టల దుకాణం ఉన్న వైకుంఠం ఆ కాగితం వైపు చూడనే లేదు, నా వైపు తిరిగాడు.

"నడుమ ఫౌంటెన్ ఉండాలె నర్సింహన్నా. రంగురంగుల లైట్లు వెట్టాలె. పట్నమంతా వచ్చి చూడాలె."

"తాగే నీళ్ళకే వారానికి రెండు దినాలు నల్లా ఎండుతది. నీ ఫౌంటెన్‌ల ఏం ఎగురుతయి సేటూ, కప్పలా?" అన్నాడు వామన్‌రావు. ఆయనది గుడి సేవ చేసే ఇల్లు, ఆయన మాత్రం సర్కారు కచేరీలో ఉద్యోగి. ఆయనకు మారేడు కావాలి, పారిజాతం కావాలి, తెల్ల గన్నేరు కావాలి.

లక్క గాజులు చేసే జహూర్ మియా నవ్వాడు. "పంతులూ, పార్కు గురించి అడిగితే మీరు పూజ సామాను చెప్తున్నరు. నాకు ఒక్క బెంచీ చాలు భాయ్. ఇంట్ల బేగం హుక్కా తాగనిస్తలేదు."

ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు కానీ ఓవర్సీరు నక్షా ఒక్కరికీ అర్థం కాలేదు. అర్థమైనట్టు తలలు ఊపారు. అప్పుడు వెనుక గోడ దగ్గర నిలబడ్డ కాశమ్మ గొంతు వినిపించింది.

"గీతలు నాకు తెల్వయి సారూ. ఒక్క మాట అడుగుత. పురానాపూల్ పోయే తొవ్వ ఈ జాగల నుంచే ఉన్నది. మీ కాగితంల ఆ తొవ్వ యాడున్నది?"

ఓవర్సీరు వంగి చూశాడు. ఆ దారి కాగితంలో లేదు.

"దాన్ని మూస్తే జనం కమ్మీలు దూకుతరు. ముందుగాల నేనే దూకుత" అంది.

"నీ మోకాళ్ళతోనా?" అన్నాడు జహూర్ మియా.

"నువ్వు జర వంగు మియా, నీ వీపు మీద కాలేసి దూకుత."

జంపఖానా అంతా నవ్వింది. ఓవర్సీరు పెన్సిల్ తీసి ఆ మూల నుంచి ఈ మూలకు బాట గీశాడు. బాట పురానాపూల్ వైపు బయటపడే చోట గేటు గీశాడు. ఈనాటికీ పార్కు అందం ఆ ఏటవాలు బాటలోనే ఉంది. పై అధికారి వచ్చి ఈ ఆలోచన ఎవరిదని అడిగినప్పుడు ఓవర్సీరు నా వైపు చూపించాడు. నేను కాదనలేదు.

కాగితం అర్థం కాని వాళ్ళ కోసం ఆ నక్షాను నేల మీద సున్నంతో గీయించాను. అది నా సొంత ఆలోచనే. తెల్లారి ఆడవాళ్ళు వచ్చి గీతల వెంట నడిచారు. వామన్‌రావు భార్య రాధాబాయి, బురఖాల్లో వచ్చిన జహూర్ మియా ఇంటి ఆడవాళ్ళు కలిసి తిరిగి, ఉయ్యాలలు సడక్ పక్కన వద్దని కాలితో సున్నం చెరిపి, లోపలి మూలకు జరిపారు. పనిలోకి అందరినీ తేవడం ఎట్లాగో నాకు తెలుసు. పల్లెలో పెరిగినవాణ్ణి.

మా ఊళ్ళో చెరువు కట్ట తెగితే పొయ్యికొక మనిషి రావాలి. ఇంటికొక మనిషి అనరు. ఒకే కప్పు కింద అన్నదమ్ములు వేరుపడి రెండు పొయ్యిలు పెట్టుకుంటే ఇద్దరు రావాలి. వచ్చిన పొయ్యికే చెరువు నీళ్ళలో వంతు. ఆ మాటే మళ్ళీ కూర్చున్న సభలో లేచి చెప్పాను. పొయ్యికొక మనిషి, వారానికొక దినం. ఆదివారం వీలుకాని వాళ్ళు వారంలో మరొకనాడు వచ్చినా, బదులు మనిషిని పంపినా సరే. చివరిదాకా పని చేసిన ప్రతి పొయ్యికీ పార్కులో ఒక చెట్టు పెట్టుకునే హక్కు. ఆ చెట్టు నీడ వాళ్ళది. అక్కడ కూర్చున్నవాళ్ళను లెమ్మనే అధికారం జవానుకు లేదు, బల్దియాకు లేదు. ఓవర్సీరు కూడా సరేనన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

సభ ముగిశాక జంపఖానా మడతపెడుతూ కాశమ్మ అడిగింది. "బాపూ, నీడ గూడనా?"

"నీడ గూడ."

"గంప వెట్టుకోవచ్చునా?"

"నీ చెట్టు కింద నువ్వు గంప వెట్టుకుంటే ఎవడు కాదంటడు?"

"అయితే గేటుకాడ వెడుత. కానుగ. దాని నీడ చల్లగుంటది, జల్ది పెరుగుతది" అంది. ఆమె అప్పటికే చెట్టు ఎంచుకుంది, చోటు కూడా ఎంచుకుంది.

మొదటి నెల మొహల్లా అంతా దిగింది. రెండో ఆదివారానికే వైకుంఠం అరచేతులు బొబ్బలెక్కాయి. వామన్‌రావుకు నడుము పట్టింది. మెల్లగా ఒక్కొక్కరే బదులు మనుషులను పెట్టుకున్నారు. కాశమ్మకంటే మంచి మట్టిమనిషి ఎక్కడ దొరుకుతుంది? సోమవారం వైకుంఠం ఇంటి బదులు, మంగళవారం వామన్‌రావు ఇంటి బదులు, అట్లా ఆరు దినాలు ఆరు ఇళ్ళకు పొద్దుటిపూట కూలికి చేసేది. ఆదివారం ఎవరు పిలిచినా పోయేది కాదు.

"ఆదివారం నాది" అనేది.

ఆదివారం పొద్దున నేను విరిగిన రాతి తొట్టి మీద నిలబడి పేర్లు పిలిచేవాణ్ణి. నేను గడ్డపార పట్టలేదు. పని నడిపించేవాడు గడ్డపార పడితే పని ఎవరు నడిపిస్తారు? మా కొడుకులు కొఠీ పని మీద తిరిగేవాళ్ళు. "నర్సింహ ఇల్లు" అని పిలిస్తే గుంతలో నుంచి కాశమ్మ చెయ్యెత్తి "ఉన్న" అనేది. ఆమె లెక్కన, ఆ ఇంట్లో ఉన్న తన పొయ్యి తరఫున పలికింది. నా లెక్కన, మా ఇంటి తరఫున పలికింది. ఇరవై నెలలు నేను పిలిచాను, ఇరవై నెలలు ఆమె పలికింది. ఆదివారాలకు కూలి ఎవరూ ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు. అడగకపోవడం చూసి, మనింటి మనిషి కదా అనుకున్నాను. తన పొయ్యి పనికి తనకు కూలి ఎవరిస్తారని ఆమె అనుకుంది.

తబేలా పునాది రాళ్ళు పెకలించింది కాశమ్మ. బాట కింద మొరం పోసి దిమ్మిసతో కొట్టింది కాశమ్మ. వానాకాలం నీళ్ళు నిలిచే మూలలో మట్టి ఎత్తు చేయాలని ఓవర్సీరుకు ముందే చెప్పింది కాశమ్మ. సాయంత్రం గంప దించాక పెరట్లో పగిలిన కూజాలో కానుగ మొక్కకు నీళ్ళు పోసేది. గింజ తెచ్చి తానే మొలిపించింది. మూరెడు పెరిగినప్పుడు నాగమణమ్మను పిలిచి చూపించింది.

1955 వేసవిలో బల్దియా నుంచి ఒక ఫారం వచ్చింది. చెట్లు పెట్టే ఇళ్ళ నంబర్లు వరుసగా రాసి పంపాలి. నా దస్తూరీ ముత్యాల్లాంటిదని అందరికీ తెలుసు. కూర్చుని నలభై ఒక్క నంబర్లు రాశాను. కాశమ్మ అర్రకు నంబరు లేదు. పొయ్యి అని రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. అడిగితే ఓవర్సీరు పక్కన ఒక మాట రాసుకునేవాడేమో. నేను అడగలేదు. దాచిపెట్టాలని కాదు, నాకు గుర్తుకు రాలేదు. ఇరవై ఏండ్లు నా పెరట్లో పొగ లేపిన పొయ్యి నాకు గుర్తుకు రాలేదు.

గేటు పక్క చోటు మా ఇంటి నంబరు ఎదుట రాశాను. అక్కడ పెద్ద అధికారి చేతుల మీదుగా గుల్‌మొహర్ పెట్టించాలని, పక్కనే నా పేరు చెక్కిన రాయి నిలపాలని మా మొహల్లా కమిటీ తీర్మానించింది. ఆ చోట నడుములోతు గుంత అప్పటికే తవ్వి, పశువుల ఎరువు వేసి సిద్ధంగా ఉంది. కాశమ్మ మా చెట్టుకు ఎంత బాగా తవ్విందోనని సంతోషపడ్డాను.

ఆషాఢంలో తొలి వానలు పడ్డాక ఒక ఆదివారం మొక్కలు పెట్టే ముహూర్తం. షామియానా వేశారు. వైకుంఠం జరీ శాలువా తెచ్చాడు. నేను కొత్త షేర్వానీ వేసుకుని తొట్టి మీద నిలబడి ఇంటి నంబర్లు పిలిచాను. పిలిచిన ఇల్లల్లా మొక్క పట్టుకుని వచ్చి తన గుంతలో పెట్టింది. నలభై పూర్తయ్యాయి. మా ఇల్లు చివరికి ఉంచుకున్నాను. అధికారి లేచి గేటు దగ్గరికి నడిచాడు.

గుంత దగ్గర కాశమ్మ నిలబడి ఉంది. తలస్నానం చేసి ఉతికిన చీర కట్టుకుంది. చేతుల్లో పగిలిన కూజా, కూజాలో కానుగ మొక్క.

"ఏంది కాశమ్మా, ఎవరింటి మొక్క తెచ్చినవు?" అన్నాడు వైకుంఠం.

"నాదే సేటూ."

"నీదా? నీ ఇంటి నంబరెంత?"

కొందరు నవ్వారు. కాశమ్మ కూడా నవ్వింది, వాళ్ళతోపాటు తననూ నవ్వమన్నారనుకుని. "పొయ్యికి నంబరుంటదా సేటూ? బాపును అడుగు. పొయ్యికొక మనిషి అని బాపే చెప్పిండు."

వామన్‌రావు అడ్డం వచ్చాడు. "నువ్వు కూలి తీసుకుని చేసినవు కదమ్మా. మా ఇంటి దినాలకు మా దగ్గర తీసుకున్నవు. కూలి తీసుకున్నంక హక్కేంది?"

"మీ దినాలు మీవే పంతులూ. నేనేమన్న అడిగిన్నా? ఆదివారాలు నావి. ఒక్క ఆదివారం తప్పలేదు. వాన పడ్డా తప్పలేదు, జరమొచ్చినా తప్పలేదు."

జహూర్ మియా నా దగ్గరికి వచ్చి చెవిలో అన్నాడు. "నర్సింహ భాయ్, ఒక్క మొక్క. పెట్టనియ్. సాబ్‌తోని నేను మాట్లాడుత."

"ఇయ్యాల ఈమెకు ఇస్తే రేపు జట్కావాలా వస్తడు, ఎల్లుండి నీళ్ళు మోసే భిస్తీ వస్తడు" అన్నాడు వైకుంఠం. "సాబ్ నిలబడి ఉన్నడు నర్సింహన్నా. జల్ది."

అధికారి చేతిగడియారం చూసుకున్నాడు. ఏమైందని ఉర్దూలో అడిగాడు. అందరూ నా వైపు చూశారు. కాశమ్మ కూడా చూసింది. ఆమె ముఖంలో అనుమానం ఏమీ లేదు. నేను చెప్తే అయిపోతుందనే నిలబడింది.

నిజంగానే నేను ఒక్క మాట చెప్తే అయిపోయేది. నా షేర్వానీ, రాతి మీద నా పేరు, అధికారి ముందు నా మాట, ఇన్నేండ్ల నా పేరుప్రతిష్ఠలు, అన్నీ ఆ ఒక్క మాటకు అడ్డం వచ్చాయి. మా ఇంటి నుంచి ఆదివారాలకు ఎవరూ రాలేదని, నలభై ఒక్క ఇళ్ళలో పని చేయని ఇల్లు నాదేనని ఆ మొహల్లా ముందు ఒప్పుకోవాలి.

"కాశమ్మా, లొల్లి చెయ్యకు" అన్నాను. "ఆదివారాలు మా ఇంటివి."

కాశమ్మ కూజాను ఒక చంక నుంచి మరో చంకకు మార్చుకుంది.

"మీ ఇంటివా?" అంది. గుంత వైపు చూసి, "గట్లయితే మీ ఇంట్ల నేనెవర్ని బాపూ?" అంది.

అంతలో అధికారి చేతికి గుల్‌మొహర్ అందించారు. ఆయన మొక్కను గుంతలో ఉంచి పిడికెడు మట్టి వేశాడు. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. నడుములోతు గుంత, పిడికెడు మట్టి. మిగతాది పూడ్చాలి. అలవాటు కొద్దీ అందరూ కాశమ్మ వైపు చూశారు.

ఆమె కూజా పక్కన పెట్టి, కొంగు దోపి, పార అందుకుంది. గుంత పూడ్చింది. మొక్క చుట్టూ మట్టిని కాలితో మెల్లగా అదిమింది. పాదు చేసి రెండు బిందెల నీళ్ళు తెచ్చి పోసింది.

"దీనికేం ఎరుక పాపం" అంది, ఎవరితోనో తెలియదు. ఆ తర్వాత కూజా ఎత్తుకుని బాట వెంట పోయింది.

ఇంటికి వచ్చేసరికి నాగమణమ్మ వసారాలో కూర్చుని ఉంది. నా భుజం మీద శాలువా చూసి ముఖం తిప్పుకుంది.

"కాశమ్మ పోతున్నది. పో, ఆపుకో" అంది.

"ఎక్కడికి పోతది? రెండు దినాలు అలుగుతది, మళ్ళ వస్తది."

"ఇరవై ఏండ్ల నుంచి ఈ ఇంట్ల రెండు పొయ్యిల పొగ లేస్తున్నది. నీ కండ్లు ఒక్కదినం గూడ మండలేదా?"

పెరట్లోకి పోయాను. కాశమ్మ గడ్డపారతో పొయ్యిరాళ్ళు పెకలిస్తున్నది. మూడు రాళ్ళూ గంపలో పెట్టుకుంది. బట్టల మూట పైన పెట్టింది.

"కాశమ్మా, అర్రను ఖాళీ చెయ్యమని నేననలేదు."

"నువ్వనలేదు బాపూ. ఇంట్లోల్లు ఇంట్ల ఉంటరు. నేను ఎవర్నో తెల్వకుంట ఎట్లుండాలె?"

"ఎక్కడికి పోతవు?"

"చేతులున్నయి గదా."

గంప ఎత్తుకోవడానికి వంగింది. మోకాళ్ళు పట్టి లేవలేకపోయింది. నేను పట్టబోతే వద్దని చెయ్యి ఊపింది. నాగమణమ్మ వచ్చి గంప నెత్తిన పెట్టింది. పోతూ పోతూ కానుగ మొక్కను జహూర్ మియా గుమ్మంలో దించి, "నీ పెరట్ల పెట్టు మియా, నాకు జాగ లేదు" అందట. ఆయన పెట్టాడు. మూడోనాడు ఆయన మేక దాన్ని మొదలుదాకా తినేసింది.

ఆ తర్వాత రెండేండ్లు పార్కు ఎట్లా ఉందో కూడా చెప్పాలి. చెట్టు పెట్టిన ఇల్లే నీళ్ళు పోసుకోవాలని నియమం. పోసినవాళ్ళు తక్కువ. మొదటి వేసవిలోనే పద్దెనిమిది చెట్లు ఎండాయి. వామన్‌రావు మారేడు ఎండింది. వైకుంఠం అశోక చెట్టు బతికింది కానీ దాని కింద ఆయన ఒక్కనాడు కూర్చోలేదు. ఆయనకు దుకాణంలో ఫంకా ఉంది. మా గుల్‌మొహర్ మాత్రం ఏపుగా లేచింది. గుంత ఎవరు తవ్వారో చెట్టుకు తెలుసు కదా. దాని కింద నేను కూర్చుంటే వచ్చేపోయేవాళ్ళు నమస్కారం పెట్టేవాళ్ళు. మొదట్లో బాగానే ఉండేది. తర్వాత తర్వాత పోవడం తగ్గించాను.

1957 ఎండాకాలంలో జహూర్ మియా వచ్చి చెప్పాడు. "భాయ్, కాశమ్మను చూసిన. ఫలక్‌నుమా స్టేషన్ బయట గుగ్గిళ్ళు అమ్ముతున్నది. మస్తు పాడయింది. కర్ర పట్టుకుని నడుస్తున్నది."

నేను కమిటీని పిలిచాను. గేటు దగ్గర కాశమ్మకు చోటు ఇవ్వాలని, ఆమె పేరుతో ఒక చెట్టు పెట్టనివ్వాలని లేచి చెప్పాను. ఎదురు మాట్లాడతారని నాలుగు రోజులు నిద్రలేకుండా జవాబులు కూర్చుకుని పోయాను.

"పెట్టుకోమను అన్నా. ఎవరు వద్దన్నరు?" అన్నాడు వైకుంఠం, తమలపాకు నములుతూ.

వామన్‌రావు కూడా, "ఒక్క చెట్టుకేముంది" అన్నాడు. మరుమాటలో నల్లా సంగతి ఎత్తుకున్నారు. అంతే. నేను రెండేండ్ల కింద అధికారి ముందర చెప్పలేకపోయిన మాట మొహల్లాకు తమలపాకు నమిలినంత పని.

తీర్మానం కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఫలక్‌నుమా పోయాను. మధ్యాహ్నం మూడు దాటింది. స్టేషన్ బయట సరుకుల గోదాము గోడ ఉంది. గోడ పొడుగునా జానెడు నీడ. ఆ నీడలో వీపు గోడకు ఆనించి కాశమ్మ కూర్చుని ఉంది. ముందర గంప, పక్కన కర్ర. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి కొంగు సర్దుకుంది.

"మంచిగున్నవా బాపూ? అమ్మ మంచిగున్నదా?"

"మంచిగున్నది. నిన్ను తలుస్తుంటది."

"తలుస్తది. నాకెరుకే."

నేను కాగితం తీశాను. చదివి వినిపించాను. గేటు దగ్గర చోటు, ఆమె పేరుతో చెట్టు, లెమ్మనే హక్కు ఎవరికీ లేదు. అంతా బాగా రాశాను, ఒక్క మాట తప్పు పోకుండా. ఆమె చివరిదాకా విన్నది.

"ఇప్పుడు పెడితే నీడ ఎన్నేండ్లకిస్తది బాపూ?"

నేను లెక్కపెట్టుకున్నాను. "అయిదేండ్లు. కానుగ కదా, నాలుగేండ్లకే కొంచెం ఇయ్యొచ్చు."

ఆమె నవ్వింది. పళ్ళు సగం పోయాయి. "నాలుగేండ్లు. అప్పటిదాంక నేను యాడ కూసోవాలె?"

"మా గుల్‌మొహర్ కింద కూర్చో. అది ఇప్పుడే నీడ ఇస్తున్నది. రేపే రా."

"అది మీ ఇంటిది" అంది. కోపంతో అనలేదు. పక్కింటి మేకను చూపించి అది పక్కింటిది అన్నట్టు చెప్పింది.

కాగితాన్ని మళ్ళీ మడత పెట్టాను. తప్పు నాదని చెప్పాలని అక్కడిదాకా పోయాను. దరఖాస్తు అయితే రాసేవాణ్ణి. నోటితో రాలేదు.

"కాశమ్మా, ఆదివారాలు..." అన్నాను.

లోపల రైలు కూత వేసింది. జనం బిలబిలమంటూ బయటికి వచ్చారు. వర్క్‌షాపు కూలీలు నలుగురు గంప వైపు నడిచారు. కాశమ్మ మోదుగాకు దొప్పలు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. నేను ఆమె ముందరే, ఆ జానెడు నీడలో నిలబడి ఉన్నాను.

"జర పక్కకు జరుగు బాపూ. గిరాకీ వస్తున్నది."

పక్కకు జరిగాను. ఆమె నలుగురికీ గుగ్గిళ్ళు పెట్టింది, ఉల్లిగడ్డ ముక్కలు వేసింది, ఒకడు ఇంకొంచెం కారం అడిగితే వాణ్ణి తిట్టి మరీ వేసింది. ఆ నలుగురి వెనుక ఇంకా ముగ్గురు వచ్చారు. నేను అట్లాగే ఎండలో కొంతసేపు నిలబడ్డాను. ఆమె మళ్ళీ తలెత్తి చూడలేదు. చూడడానికి తీరిక కూడా లేదు.